మూడో గది

కాటాలు బాగుచేసే మేస్త్రీకి అసలు పేరేదో ఉండే ఉంటుంది కానీ, బజారులో ఎవరికీ దానితో పనిపడలేదు. ఎదురుగా ఉంటే కాటా మేస్త్రీ, ఆయన అటు తిరగ్గానే ఎక్స్‌రే. ఆ రెండో పేరు ఆయనకు తెలియదని బజారంతా అనుకునేది. ఆయనకు తెలియకుండా ఉంటుందా! అది మొదట ఎవరు పెట్టారో, ఏ కొట్టు ముందు నిలబడి పెట్టారో, అప్పుడు పక్కన ఎవరెవరు నవ్వారో కూడా ఆరా తీసి మనసులో పెట్టుకున్నాడు.

ఆయన పని ఇదీ. కొట్లలో ఉండే కాటాలు, పళ్ళేల కాటాలైనా కరెంటు కాటాలైనా, ఏడాదికొకసారి విప్పి, తుడిచి, సరిచేసి, సర్కారు ముద్రకు సిద్ధం చెయ్యాలి. మామూలు మేస్త్రీ అయితే సరైన కిలో రాయి పెట్టి చూసి ఊరుకుంటాడు. మనవాడు అలా కాదు. ముందు సంచీ అడుగునుంచి ఇంకో రాయి తీస్తాడు. చూడ్డానికి అదీ కిలో రాయే, పైన కిలో అనే చెక్కి ఉంటుంది, కానీ అడుగున తొలిచి పది గ్రాములు తీసేశాడు. దాన్ని దొంగరాయి అంటాడు. దొంగరాయి పళ్ళెంలో పెట్టి కాటా వంక చూడడు, కొట్టువాడి మొహం వంక చూస్తాడు. కాటా పది గ్రాములు తక్కువ చూపిస్తే సరే. నిండు కిలో చూపించిందా, ఇక ఆ కొట్టువాడి పరువు ఆ రోజుకి బజారున పడ్డట్టే.

ఈ అలవాటు బజారుతో ఆగితే బాగుండేది. డాక్టరు దగ్గరికెళ్ళి కుడి మోకాలు నొప్పి అయితే ఎడమ మోకాలని చెప్పేవాడు, కనిపెడతాడో లేదో చూద్దామని. ఆ డాక్టరు రెండింటికీ మందు రాసిచ్చాడు. పెళ్ళికి ముందు మామగారికి తన వయసు రెండేళ్ళు ఎక్కువ చెప్పాడు, ఈయన వాకబు చేసే మనిషా కాదా తేల్చుకుందామని. పాపం ఆయన చెయ్యలేదు. ఆ రెండేళ్ళూ ఈనాటికీ భార్య నోట్లో నానుతూనే ఉన్నాయి. కోపం వచ్చినప్పుడల్లా, తెలిసి తెలిసి ముసలాయనకు కట్టబెట్టారని మొదలుపెడుతుంది.

వీళ్ళకు ఒక్కతే కూతురు. పన్నెండో తరగతి, ఆఖరి ఏడు. మందుల తయారీ చదువు చదవాలని దాని పట్టుదల. తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి మడతపెట్టే పని చేస్తుంది. అక్కడి మందుల గదిలో తెల్లకోటు వేసుకుని సీసాల మీద చీటీలు చదివే ఒక అమ్మాయిని పిల్ల చిన్నప్పుడు చూసింది, అప్పటినుంచీ అదే ధ్యాస. కానీ నాలుగేళ్ళ ఫీజు, హాస్టలు, పుస్తకాలు! కాటాల మీద వచ్చే ఆదాయంతో మొదటి ఏడాది కూడా గట్టెక్కదు. ఈలోగా బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు బల్ల దగ్గర ఉద్యోగం ఉందని మేనత్త కబురు పెట్టింది. స్కాలర్‌షిప్పు వస్తే కాలేజీ, రాకపోతే బిస్కెట్ల డబ్బాలు. ఆ ఇంట్లో ఆ ఏడాది అందరికీ తెలిసిన లెక్క అదొక్కటే.

బడిలో క్లాసు టీచరు స్కాలర్‌షిప్పుల జాబితా ఒకటి గోడకు అంటించింది. పిల్ల దాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చింది. ఒకదానికి తొంభై అయిదు శాతం మార్కులుండాలి, దీనివి తొంభై ఒకటి. ఇంకోటి ఆటల్లో గెలిచినవాళ్ళకి. ఇది పరిగెత్తేది బస్సు వెళ్ళిపోతున్నప్పుడే. మరోటి మిల్లు కార్మికుల పిల్లలకే. చివరికి మిగిలింది ఒక ట్రస్టు వాళ్ళది: చేతిపని మీద బతికేవాళ్ళ పిల్లలై ఉండాలి, ఇంట్లో ఇంతకుముందు ఎవరూ కాలేజీ గడప తొక్కి ఉండకూడదు, మార్కులు ఎనభై అయిదు దాటాలి, వయసు పంతొమ్మిది దాటకూడదు, ఆదాయం ఒక హద్దు లోపల ఉండాలి. అన్నీ సరిపోయాయి. నాలుగేళ్ళ చదువూ వాళ్ళదే. పిల్ల ఆ కాగితం తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

మేస్త్రీ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఊరికే ఎవడిస్తాడు? వాడికేమిటి లాభం? ఆదాయం, ఇల్లు, గదుల లెక్క ఇవన్నీ వాడికెందుకు? మర్నాడు పని మానుకుని ఆ ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళాడు. రెండో అంతస్తులో బోర్డుంది. కుర్చీలు లెక్కపెట్టాడు. కింద కాపలా మనిషిని పట్టుకుని, ఈ బోర్డు ఎన్నాళ్ళుగా ఉందని అడిగాడు. తొమ్మిదేళ్ళుగా ఉందన్నాడు. వీడికీ ఏదో ముట్టి ఉంటుందనుకున్నాడు మేస్త్రీ. కిందటేడు స్కాలర్‌షిప్పు వచ్చిందన్న ఒక నర్సింగు విద్యార్థిని ఇల్లు కనుక్కుని, గుమ్మంలోనే నిలబెట్టి అరగంట ప్రశ్నలేశాడు. ఆ అమ్మాయి రసీదులతో సహా చూపించింది. నలుగురిని నమ్మించడానికి ఒకరికి ఇస్తారులే అనుకుంటూ మెట్లు దిగాడు.

కూతురు మాత్రం పట్టు విడవలేదు. తల్లీ తోడైంది. మేస్త్రీకి చివరికి తోచిన దారి ఒక్కటే: దొంగరాయి పెట్టడం. ఫారంలో తల్లిదండ్రులు నింపే పేజీ తనే నింపాడు. పిల్ల చేత ఆఖరి పేజీలో ముందే సంతకం పెట్టించుకుని, నువ్వు చదువుకో పో అని పంపేశాడు. అన్నీ నిజమే రాశాడు, ఒక్కటి తప్ప. ఇంట్లో గదులెన్ని అన్నచోట మూడు అని వేశాడు. ఉన్నవి రెండు. పోనీ తక్కువ రాశాడా అంటే అదీ కాదు, ఎక్కువే రాశాడు. అబద్ధమైనా నష్టం మనకే కదా, ఎవరేమంటారని ఆయన ధీమా. నిజమైన ట్రస్టయితే ఇంటికొచ్చి లెక్కపెట్టి పట్టుకుంటుంది, దొంగ ట్రస్టయితే ఉలుకూ పలుకూ లేకుండా మంజూరు చేసి ఖాతా నంబరు అడుగుతుంది. అప్పుడు వాళ్ళ సంగతి చెబుదాం. ఫారం కవరులో పెట్టి, జిగురు పూసి, దానిమీద టేపు కూడా అంటించి, రిజిస్టరు పోస్టులో తనే వేసి వచ్చాడు. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు.

అయిదు వారాలకు ఒక బుధవారం సాయంత్రం అరవై దాటిన ఒకావిడ గుడ్డ సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. ట్రస్టు నుంచి వచ్చానంది. మేస్త్రీ ఆవిణ్ణి అక్కడే నిలబెట్టి గుర్తింపు కార్డు అడిగాడు, కార్డు మీది నంబరు కాకుండా తను విడిగా సంపాదించిన నంబరుకు ఫోను చేసి, ఆవిడ ఎత్తూ కళ్ళద్దాలూ చెప్పి కనుక్కున్నాడు. ఇంతసేపూ ఆవిడ విసుక్కోలేదు. లోపలికొచ్చి మంచినీళ్ళు తాగి, మంచం, కుట్టుమిషను, గోడవారన పేర్చిన పళ్ళేలు, పుస్తకాల అట్టపెట్టె అన్నీ తీరిగ్గా చూసింది. వంటగదిలోకి తొంగిచూసింది. తర్వాత సంచీలోంచి ఫారం తీసింది.

"మూడో గది ఏదండీ?" అంది.

మేస్త్రీ మొహం వెలిగిపోయింది. అమ్మయ్య, నిజమైనవాళ్ళే! అయిదు వారాలుగా మోస్తున్న బరువు దిగిపోయి, లేదు లేదు, రెండే గదులు, మీరు చదువుతారో లేదో చూద్దామనే అలా రాశానని ఎంతో సంబరంగా చెప్పాడు. తన సంచీలోంచి దొంగరాయి తీసి చూపించాడు, పది గ్రాముల కథంతా చెప్పాడు. మీరు నెగ్గారని మెచ్చుకున్నాడు కూడా.

ఆవిడ నవ్వలేదు. ఫారం ఆఖరి పేజీ తిప్పి, పద్నాలుగో షరతు మీద వేలు పెట్టి పైకి చదివింది. "తెలిసి రాసిన అబద్ధం ఒక్కటున్నా దరఖాస్తు రద్దవుతుంది. కింద సంతకం చేసిన విద్యార్థిదే దానికి బాధ్యత." ఆ కింద పిల్ల సంతకం ఉంది, గుండ్రంగా, ముద్దుగా.

మేస్త్రీ ఫారం దగ్గరికి లాక్కుని చూశాడు. నింపేటప్పుడు భూతద్దం పెట్టుకుని మరీ చదివాడు దాన్ని! వాళ్ళు మన దగ్గర ఏం లాక్కుంటారో అని ప్రతి అక్షరం వెతికాడు. మనం ఏం చెయ్యకూడదో చెప్పే లైను కళ్ళముందే ఉన్నా దాటిపోయాడు. తేరుకుని, అది నా తప్పు, పిల్లకేమీ తెలియదన్నాడు. ప్రతి ఇంట్లోనూ నాన్నలు ఇదే చెబుతారండి అంది ఆవిడ. మేం చూసే అబద్ధాలన్నీ పేదరికం పెంచి చెప్పేవే, ఇలా గది పెంచి చెప్పింది మీరొక్కరే, అందుకే ఇంకా అనుమానంగా ఉంది, ఇంకేం దాచారో అని కూడా అంది. ఎక్స్‌రే మేస్త్రీకి ఎదుటివాళ్ళు తనని అనుమానించడం కొత్త.

పిల్ల తలుపు పక్కన నిలబడి అంతా వింది. ఏడవలేదు, అరవలేదు. లోపలికెళ్ళి, ఆవిడ తాగిన గ్లాసు తీసి కడగడం మొదలుపెట్టింది. కడిగిందే కడిగింది. తల్లి మాత్రం ఊరుకోలేదు.

"ఇన్నేళ్ళూ నన్ను పరీక్షించారు, సరే అనుకున్నాను," అంది. "దాని చదువునెందుకు పెట్టారండీ పళ్ళెంలో?"

ట్రస్టు ఆవిడ లేచి నిలబడింది. ఆవిడ వెళ్ళబోతూ ఆ గ్లాసు చప్పుడు విని కాసేపు ఆగింది. చూడండి, శుక్రవారం మా కమిటీ కూర్చుంటుంది, ఒక్క దారి ఉంది, అని చెప్పింది. తప్పు నాదేనని మేస్త్రీ రాసివ్వాలి. దానితోపాటు, ఈయన్ని పనిలో కనీసం పదేళ్ళుగా ఎరిగిన బయటి మనిషి ఒకరు, బంధువు కాకూడదు, ఈయన నిజం చెప్పే మనిషో కాదో ఉత్తరం రాయాలి. కవరు అంటించి, అతుకు మీద ఆ మనిషి సంతకం చెయ్యాలి. అది ఇంట్లోవాళ్ళెవరూ చదవకూడదు. శుక్రవారం మధ్యాహ్నం లోపల ఆఫీసులో ఉండాలి.

పనిలో పదేళ్ళుగా ఎరిగినవాళ్ళు! బజారు నిండా వాళ్ళే. ఒక్కొక్కరి పళ్ళెంలోనూ దొంగరాయి పెట్టినవాడు, ఇప్పుడు వాళ్ళ దగ్గరికే వెళ్ళి, అయ్యా నేను నిజాయితీపరుణ్ణని రాసివ్వండి అని అడగాలి. గురువారం పొద్దున్నే బయల్దేరాడు. కూరగాయల టోకు వ్యాపారి నాకు రాత రాదండీ అని, చేతిలో ఉన్న పద్దుల పుస్తకం వెనక్కి పెట్టుకున్నాడు. నగల కొట్టాయన మర్యాదగా కూర్చోబెట్టి, నా కాటా మీద మీకే నమ్మకం లేదు కదా, నా మాట మీద ట్రస్టుకెలా ఉంటుందని అడిగాడు. పాత ఇనుము కొనే మనిషి ఒక్కడే ఎగిరి గంతేశాడు. ఎంత గొప్పగా కావాలంటే అంత గొప్పగా, మీరు చెప్పండి నేను రాస్తానన్నాడు. బజారు మొత్తంలో అబద్ధపు కాటా వాడిదే. మేస్త్రీ దండం పెట్టి వచ్చేశాడు.

ఇక మిగిలింది కిరాణా షావుకారు. ఇక్కడికి రావడం ఇష్టంలేకే మేస్త్రీ ఊరంతా తిరిగాడు. ఎనిమిదేళ్ళ కిందట, పండగ రద్దీలో జనం మధ్య, ఈ షావుకారు పళ్ళెంలో దొంగరాయి పెట్టి, మొహంలోకి గుచ్చి గుచ్చి చూశాడు. కాటా సూది మొనంత తేడా లేకుండా పది గ్రాములు తక్కువే చూపించింది. షావుకారు ఒక్క మాటనలేదు. ఆ మర్నాటినుంచి మేస్త్రీకి ఆ కొట్లో కూర్చోవడానికి స్టూలు వెయ్యడం మాత్రం మానేశాడు. ఏటా కాటా ఇస్తాడు, మజూరీ ఇస్తాడు, నిలబెట్టే పంపిస్తాడు.

ఆ రోజూ నిలబెట్టే విన్నాడు. విని, సరిగా వినబడలేదు, మళ్ళీ చెప్పండన్నాడు. అప్పటికి కొట్లో నలుగురు సరుకుల కోసం నిలబడి ఉన్నారు. మేస్త్రీ మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు, మూడో గదితో సహా. చెబుతుంటే చెవులు వేడెక్కిపోయాయి. అయినా ఆపలేదు. కళ్ళముందు బిస్కెట్ల డబ్బాలు కదులుతున్నాయి.

షావుకారు కాగితం తీసి మోచెయ్యి అడ్డం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. ఒక పేజీ అయిపోయింది. రెండో పేజీ తీశాడు. మధ్యలో ఒకసారి ఆగి మేస్త్రీని ఎగాదిగా చూసి, మళ్ళీ రాశాడు. అంత ఏముంటుంది రాయడానికి? మంచి మాటలైతే నాలుగు వాక్యాల్లో అయిపోవూ? ఎనిమిదేళ్ళ కసి అంతా దింపేస్తున్నాడు, నా పిల్ల గొంతు కోస్తున్నాడు అనుకున్నాడు మేస్త్రీ. షావుకారు కాగితాలు మడిచి, కవరులో పెట్టి, నాలుకతో తడిపి అంటించి, అతుకు మీద పొడుగ్గా సంతకం చేశాడు. మేస్త్రీ చెయ్యి చాపాడు.

"మీ చేతికివ్వను," అన్నాడు షావుకారు. "అమ్మాయిని పంపండి."

పిల్ల బడినుంచి వస్తూ తెచ్చుకుంది. తెచ్చి తన పుస్తకాల సంచీలో పెట్టుకుంది. మేస్త్రీ కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నట్టు నటించాడు. పిల్ల వంటగదిలోకి వెళితే సంచీ దాని భుజాన ఉంది. పెరట్లోకి బట్టలు తియ్యడానికి వెళితే సంచీ భుజానే ఉంది. మొహం కడుక్కోవడానికి వెళుతూ సంచీని తల్లి ఒళ్ళో పెట్టి, వచ్చేదాకా పట్టుకోమ్మా అంది. మేస్త్రీ చూశాడు. చూసి ఉండబట్టలేక, ఒక్కసారి ఆ కవరు ఇలా ఇవ్వమ్మా, పైపైన చూస్తానన్నాడు. వద్దు నాన్నా అంది. తెరవనులే, దీపానికి పట్టి చూస్తానంతే, ఆయన చెడుగా రాసి ఉంటే నీ బతుకేం కాను, ఇంకొకరి దగ్గర రాయించుకునే వ్యవధి ఇంకా ఉంది కదా అని నచ్చజెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో న్యాయం లేకపోలేదు. పిల్లా అది ఆలోచించినట్టే కనబడింది. అయినా వద్దంది.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు మేస్త్రీ.

పిల్ల నిజంగానే ఆలోచించి చూసుకుంది.

"లేదు నాన్నా," అంది.

అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అదే మేస్త్రీని నిలువునా కుంగదీసింది. లోకంలో తను నమ్మని మనుషులు లెక్కకు మించి ఉన్నారు, వాళ్ళలో ఒక్కరి గురించీ ఆయన ఏనాడూ బాధపడలేదు. తనని నమ్మని మనిషి ఒక్కరు ఇంట్లో ఉండేసరికి ఇలా ఉంటుందని ఆయనకు తెలియదు. చాలా బాధేసింది. పేపరు మడిచి పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చాడు.

శుక్రవారం పొద్దున తల్లీ కూతురూ బయల్దేరారు. నేనూ వస్తానంటే, నువ్వు వద్దు నాన్నా, నువ్వొస్తే అక్కడెవరినో ఏదో అడుగుతావు అంది పిల్ల. తప్పు నాదేనని తను రాసిన కాగితం మాత్రం మేస్త్రీ పిల్ల చేతికిచ్చాడు. దాంట్లో ఈసారి అన్నీ సరిగ్గానే రాశాడు, పిల్ల రెండుసార్లు చదివి చూసుకుంది. వాళ్ళు వెళ్ళాక తన కొట్టు తెరిచి ఒక కాటా విప్పాడు. విప్పిన మరలు ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియలేదు. షావుకారు రాసిన రెండు పేజీలూ తన బుర్రలో తనే నింపుకున్నాడు, ఒక్క మంచి వాక్యం కూడా పడలేదు. మూడింటికి కొట్టు మూసి ఇంటికొచ్చేసరికి వాళ్ళు అప్పుడే చెప్పులు విప్పుతున్నారు.

తల్లి మొహం చూడగానే తెలిసిపోయింది. వచ్చిందండీ అంది, కళ్ళు తుడుచుకుంటూ. కమిటీ అక్కడే కూర్చుని ఒప్పుకుందిట, నాలుగేళ్ళకూ ఇస్తారుట, ఉత్తరం పోస్టులో వస్తుందిట. మేస్త్రీ నాలుక ఊరుకుంటుందా! ఏమో, కాగితం చేతికొచ్చేదాకా, అని మొదలుపెట్టి, భార్య చూపు చూసి నోరు మూసుకున్నాడు. అప్పుడు సంతోషం తన్నుకొచ్చింది. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. షావుకారు ఏం రాశాడో చెప్పారా అని అడిగాడు. చెప్పలేదు, ఆవిడ చదివి దస్త్రంలో పెట్టేసుకుంది, ఎప్పటికీ చూపించరుట అంది తల్లి.

"ఆవిడ నన్ను ఒక్కటే అడిగింది నాన్నా," అంది పిల్ల. "ఈ కవరు మీ నాన్న చేతిలోకి ఒక్కసారైనా వెళ్ళిందా అని. లేదన్నాను. ఆయన అడగలేదా అంది. అడిగారన్నాను."

"ఊఁ."

"మరి ఎందుకివ్వలేదు అంది. ఇస్తే తెరుస్తారని చెప్పాను."

మేస్త్రీ కూతురి వంకే చూస్తున్నాడు. అలా చెప్పాకే ఆవిడ మొదటిసారి నవ్విందిట. నవ్వి, ఇది ఆయన చేతిలో పడి ఉంటే అతుకు ఎంత బాగున్నా మేం తీసుకునేవాళ్ళం కాదు, నువ్వు ఈ ముక్క దాచకుండా చెప్పావు, అది చాలని పిల్ల పేరు పక్కన టిక్కు పెట్టిందిట. అంటే పిల్లకి చదువొచ్చింది తండ్రిని నమ్మనందుకు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు కానీ ముగ్గురికీ అర్థమైంది.

తల్లి లోపలికెళ్ళి కంచాలు పెట్టింది. పొద్దున్నుంచి ఎవరూ ఏమీ తినలేదు. మేస్త్రీ కూతురి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"తెరిచేవాణ్ణేనమ్మా," అన్నాడు.

"తెలుసు నాన్నా," అని పిల్ల పక్కకి జరిగి, ఆయనకు కూర్చోవడానికి చోటిచ్చింది.